చూద్దాం గారి ద్వీప విమోచన

మన బతుకు గురించి మరొకరు నిర్ణయాలు తీసుకోవడం ఎంత అదృష్టమో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. మీ తరఫున ఆలోచించేవాళ్లు ఇంట్లో ఎవరో ఉండే ఉంటారు. ఇక మీకెందుకండీ ఆ శ్రమ!

గల్ఫ్‌లో దార్సైట్ అనే పేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే సీతాదేవి అలాంటి అదృష్టవంతురాలు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడకు తల బద్దలు కొట్టుకోవలసిన పనే పడలేదు. ఏ ఫ్లాటు, ఏ సోఫా, సెలవుల్లో ఏ ఊరు, కూతురు లాస్యకు ఏ ట్యూషను, అన్నీ భర్త నాగేంద్రప్రసాదే తేల్చేస్తారు. నియంత అనకండి, కళ్లు పోతాయి! ఆయన ఏనాడూ "నేను నిర్ణయించాను" అన్న పాపాన పోలేదు. "చూద్దాం" అంటారు, "ఆలోచిద్దాం" అంటారు. ఆ "ద్దాం"లో భార్య ఉంది, బిడ్డ ఉంది, ఇల్లంతా ఉంది. ఆలోచించేటప్పుడు మాత్రం ఆయనొక్కరే ఉంటారు.

అంతటి మనిషి గుండె నాలుగు నెలల కిందట ఒక ద్వీపం కోసం కరిగిపోయింది. దాని పేరు చెప్పినా మీకు తెలియదు. ఫోన్‌లో వీడియో చూసేదాకా ఆయనకూ తెలియదు. ఎక్కడో నడిసముద్రంలో ఉన్న ఆ కాస్త నేలని వేల మైళ్ల అవతలి పెద్ద దేశం ఒకటి ఏలుతోంది. రేవు ఎవరికివ్వాలో, బడిలో ఏ భాష చెప్పాలో అన్నీ అక్కడే తేలిపోతాయి. జనాన్ని అడిగే నాథుడు లేడు. అలాంటి చోటును డిపెండెంట్ టెరిటరీ అంటారట!

ఆ మాట వినగానే ఆయన రక్తం ఉడికిపోయింది. మనుషుల్ని పట్టుకుని డిపెండెంట్ అంటారా అని డైనింగ్ టేబుల్ మీద గుద్దారు. ఎదురుగా పెసరట్టు వడ్డిస్తున్న సీతాదేవి వీసా కాగితాల్లో ఉన్నదీ ఆ మాటే. స్పాన్సర్ అన్న చోట ఆయన పేరుంటుంది. కానీ రెంటికీ పోలికేమిటి? ద్వీపం వాళ్లకు పెసరట్టు వెయ్యడం రాదు కదా!

వెంటనే "ద్వీప ప్రజల స్వయం నిర్ణయ సంఘీభావ వేదిక" వెలిసింది. అధ్యక్షుడు ఆయనే. ఎన్నిక పెట్టలేదు, పెడితే జనం అయోమయంలో పడతారని. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఒక్కడే రాసేలా సెట్టింగ్ మార్చారు. ఎవరూ నోరెత్తకుండానే ఉద్యమం ఎంత క్రమశిక్షణగా నడిచిందో చూడండి! అటు సువైక్, ఇటు ఇబ్రి దాకా తెలుగువాళ్లున్న ఊళ్లన్నీ తిరిగి ఆయన పిటిషన్ మీద రెండు వందల పన్నెండు సంతకాలు సంపాదించారు. పెట్టిన చేతులు యాభై మూడే. ప్రతి ఇంట్లోనూ ఇంటాయన భార్యాబిడ్డల తరఫున తనే గీకేశాడు. స్వయం నిర్ణయం కోసం ఆడవాళ్లనూ పిల్లలనూ ఇబ్బంది పెట్టడం సంస్కారం కాదు కదా.

ఈలోగా ఇంట్లో ఒక చిన్న విషయం. చిన్నదే, ద్వీపమంతది కాదు. సీతాదేవి పెళ్లికి ముందు కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్. ఇప్పుడు వీధి చివర క్లినిక్ వాళ్లు ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంటర్వ్యూలో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నప్పుడు ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. చేతులు పని మర్చిపోలేదు. స్పాన్సర్‌కు అభ్యంతరం లేదని ఒక సంతకం కావాలి, అంతే. ఆ కాగితం మూడు వారాలుగా ఫ్రిజ్ మీద ఉంది. గురువారం దాటితే ఇంకొకరిని తీసుకుంటామని క్లినిక్ వాళ్లు చెప్పేశారు. ఆవిడ అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం" అన్నారు. ద్వీపం పనిలో ఊపిరి సలపడం లేదు పాపం!

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల హాల్లోనే సభ. ముఖ్య అతిథి ఆ ద్వీపం మనిషే. పేరు మార్గరీటా, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. పిటిషన్ చదివి ఆవిడ ఇంగ్లీషులో మర్యాదగా ఒకటే అడిగింది. ద్వీపాన్ని పక్క దేశంలో కలపాలని చివర్లో రాశారు, ఆ లైను తీసెయ్యండి, కలుస్తామో విడిగా ఉంటామో మేం తేల్చుకుంటాం, మమ్మల్ని అడగమన్నదే మా గొడవంతా అంది.

నాగేంద్రప్రసాద్ జాలిగా నవ్వారు. మీకు తెలియదమ్మా, అంతా మీ మంచికే అన్నారు. దాని సంగతి తర్వాత ఆలోచిద్దాం అని టీ తెప్పించారు. ఆడవాళ్లు కూడా సంతకాలు చేశారా అని ఆవిడ అడిగితే, గర్వంగా సీతాదేవి పేరు చూపించారు.

టీ ట్రే పట్టుకొచ్చిన సీతాదేవి ఆగింది.

"అది నా సంతకం కాదండీ. నేను తెలుగులో పెడతాను. బుధవారం టేబుల్ తుడుస్తూ చూశాను."

"ఇంటి తరఫున నేనే పెట్టేశాలే. మనలో మనకేంటి?"

"నేనూ అదే అనుకున్నాను. నిన్న క్లినిక్ కాగితం మీద మీ సంతకం నేనే పెట్టి ఇచ్చేశాను. ఆదివారం నుంచి డ్యూటీ."

నాగేంద్రప్రసాద్ ముఖం కందగడ్డయింది. నాలుగు నెలల్లో ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చారు గానీ, ఇంత నిజాయితీగా ఆయన గొంతు ఎప్పుడూ వణకలేదు.

"నా పేరు మీద నువ్వెలా నిర్ణయిస్తావ్? నన్ను ఒక్క మాట అడగాలా వద్దా?"

మార్గరీటాకు తెలుగు రాదు. సార్ ఏమంటున్నారని ఆవిడ మెల్లగా అడిగింది.

సీతాదేవి ఆవిడ చేతికి టీ కప్పు అందిస్తూ, ఇంగ్లీషులో, కూడబలుక్కుని చెప్పింది.

"మీ వాళ్లు అడుగుతున్నదే, ఈయనా అడుగుతున్నారు."