కోడ్ రాయడానికి వేరే మనిషెందుకు?

పరిశోధన చేసేవాళ్లు తమ కోడ్ తామే రాసుకోవాలి. ఆ పని తెలిసినవాణ్ని జీతమిచ్చి పెట్టుకోవడం విద్యకే అవమానం!

నవ్వకండి. డాక్టరు తన స్టెతస్కోపు తానే తయారు చేసుకోడు, నిజమే. ఆయనకు బయట రోగులు కాచుకుని ఉంటారు. పరిశోధకులకేం తొందర?

మా తమ్ముడి కూతురు పల్లవినే చూడండి. వానల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మాట్లాడే మనిషి లేని ఇల్లు చదువుకు మంచిదని బెంగళూరులో మా ఇంట్లో దిగింది. బయట వాన మొదలైతే కిటికీ మూసేసి, కంప్యూటర్లో వాన ఎందుకు పడలేదో వెతుక్కుంటుంది. ఎంత ఏకాగ్రత!

"ఇక్కడ మహదేవపురలో బస్సు దిగే సాఫ్ట్‌వేరోళ్లందరిదీ కోడ్ రాసే పనే గదమ్మా, ఒకర్ని పెట్టుకోరాదా?" అన్నాను.

"కంప్యూటర్ కొనేదానికి గ్రాంటు ఉండాది పెద్దనాయనా. మనిషికి లేదు."

చూశారా ముందుచూపు! కంప్యూటర్ సెలవడగదు. ఎదురు ప్రశ్న అసలే వేయదు.

పైగా సొంత కోడ్ రాసినవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. కొన్నాళ్లు పోతే వాళ్లకూ అర్థం కాదు. ఇక తప్పు పట్టేదెవరు?

పల్లవి పట్టింది. అక్కడే చెడింది.

వర్షమాపకం పాడైన రోజున 'మైనస్ తొంభై తొమ్మిది' అని నింపడం వాళ్ల ఆనవాయితీ. కొలత లేదని దానర్థం. ఆమె గైడు భుజంగరావుగారు ఒకప్పుడు రాసుకున్న కోడ్ దాన్నీ వాన కిందే కలిపేసింది. అంటే ఆ రోజుల్లో హొసకోటెలో వాన నేల నుంచి ఆకాశానికి కురిసిందన్నమాట! ఆ లెక్కన అక్కడ వానలు సగానికి పడిపోయాయని తేలింది. పేపరు అచ్చయింది. శాలువా కప్పారు.

పల్లవి ఆ రోజుల్ని వదిలేసి సొంతంగా కోడ్ రాస్తే, వానలు ఎప్పట్లాగే ఉన్నాయని వచ్చింది. సంబరంగా తీసుకెళ్లి చూపించింది.

"నా లెక్కతో కుదరలేదంటే నీ కోడ్‌లోనే ఎక్కడో తప్పుంది తల్లీ," అన్నారాయన తాపీగా. "కుదిరాక తీసుకురా. థీసిస్ మీద సంతకం పెడతాను."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంది. తినలేదు.

"ఏం చేస్తావమ్మా?"

"ఇంకా ఎన్నేండ్లు చదువుతావని మా నాయన దినామూ అడుగుతాండాడు పెద్దనాయనా. నన్నేం చేయమంటావు?"

మొన్న ఆ మైనస్ తొంభై తొమ్మిదిని తన కోడ్‌లోనూ వాన కింద కలిపేసింది. లెక్క కుదిరింది. సంతకం పడింది.

అందుకే గైడులందరికీ చెబుతున్నాను, కోడ్ రాసే ఉద్యోగిని పెట్టుకోకండి. తప్పును ఒప్పుగా రాయమంటే వాడు చెప్పులేసుకుని ఇంకో ఉద్యోగానికి పోతాడు. తన డిగ్రీ మీ చేతిలో ఉన్న పిల్ల ఎక్కడికి పోతుంది?