సెవేర్ మాస్టారి ఒప్పుకోలు పుస్తకం

సోమవారం పొద్దున సెవేర్ మాస్టారు ఇక అరవకూడదని నిర్ణయించుకుని మరీ బడికి బయలుదేరారు. మరామురెష్ కొండల్లోని పోయెనీ ఊరి బడిలో ఆయన ఐదేళ్లుగా నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నారు, అదీ తాత్కాలికంగా. ప్రతి వేసవికీ పెట్టె సర్దుకోవడం, బడి తెరిచే వేళకు మళ్లీ విప్పుకోవడం అలవాటైపోయింది. ఈ గురువారం ఇన్‌స్పెక్టర్ జంఫిర మేడమ్ వస్తున్నారు. పిల్లలు బుద్ధిగా కనిపిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే ఈసారి సర్దిన పెట్టెను విప్పే పని ఉండదు. ఆయనకు ఆ ఊరంటే ప్రాణం. ఆ పందొమ్మిది మంది పిల్లలన్నా ప్రాణమే, నోరు మూసుకుని ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ.

బుద్ధి తిడితే రాదు, లోపలినుంచి రావాలి అనుకుంటూ కొత్త నోటుబుక్కు ఒకటి కిటికీ గట్టు మీద పెట్టారు.

"ఏ తప్పు చేసినా ఎవరిది వాళ్లే ఇందులో రాసుకోండి. తిట్టను, కొట్టను, ఇంట్లో చెప్పను."

"రాస్తే మాకేంటి మాస్టారూ?" అన్నాడు వెనక బెంచీ పింత్యా.

మాస్టారు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఈ ఏడు పూలకిరీటం మార్కులకు ఇవ్వను. అందరికంటే నిజాయితీగా తప్పు ఒప్పుకున్నవాళ్లకే" అనేశారు.

బడి ముగిసే రోజున ఊరంతా చూస్తుండగా మొదటి బహుమతి వచ్చిన వాళ్ల నెత్తిన పెట్టే కిరీటమది. మూడేళ్లుగా ఈ తరగతిలో ఇలింక నెత్తిన తప్ప ఇంకో నెత్తిన కూర్చోలేదు. ఎండిపోయిన ఆ మూడూ వాళ్లింట్లో దేవుడి పటాల పక్కన వేలాడుతున్నాయి.

మొదటి రోజు నాలుగు తప్పులు పడ్డాయి. మంగళవారం పింత్యా ఒక్కడే ఆరు రాశాడు. "సుద్దముక్క తిన్నాను" అని ఒకటి, "తిన్నానని అబద్ధం రాశాను" అని దాని కిందే ఇంకొకటి. మాస్టారు పొంగిపోయారు. పెరుగుతున్నవి తప్పులని ఆయనకు తట్టనే లేదు, నిజాయితీ అనుకున్నారు.

బుధవారం ఇలింక కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది.

"మాస్టారూ, నా దగ్గర రాయడానికి ఒక్కటీ లేదు."

"ఎంత మంచి మాటమ్మా!"

"పింత్యాకి పదకొండున్నాయి."

"నీకూ ఎప్పుడో ఒకటి దొరుకుతుందిలే" అని భుజం తట్టి, మాస్టారు రేపటి తనిఖీ కోసం నల్లబల్ల తుడుచుకోవడంలో పడ్డారు.

ఇలింక పని వాయిదా వేసే పిల్ల కాదు. గురువారం పొద్దున బడికి వస్తూ చర్చి గంటగోపురంలోకి దూరి తాడు పట్టుకుంది. నాలుగు సార్లు లాగేసి పారిపోయినా సరిపోయేది. కానీ ఏ పనైనా అడ్డదిడ్డంగా చేయడం ఆ పిల్లకు చేతకాదు. అమ్మమ్మ పోయినప్పుడు విన్నట్టే, మెల్లగా, మధ్యమధ్య ఆపుతూ, మూడు విడతలుగా చావుగంట కొట్టింది. తర్వాత బడికొచ్చి గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో రాసుకుంది.

ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేశారు. పోయిందెవరని ఒక్కరూ అడగలేదు. తొంభై ఒకటి నిండి, నెల రోజులుగా దగ్గుతో మంచం పట్టిన త్వాదెర్ తాత ఉండగా అడగడమెందుకు? అక్రోట్లు దంచారు. పోయినవాళ్ల పేరు మీద పంచే తీపి కొలీవా కోసం గోధుమలు పొయ్యి మీద పెట్టారు. అవి సగం ఉడికేసరికే ఓపిక పట్టలేక గిన్నెతో సహా తాత ఇంటి ముందు చేరి, కొవ్వొత్తులు వెలిగించి ఏడుపు మొదలెట్టారు.

తలుపు తాతే తీశాడు. "ఎవరే పోయింది?"

ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు.

"చెప్పరేం? సరే, ఉండండి, టోపీ పెట్టుకుని నేనూ వస్తా. పాపం, ఎవరో ఏమో!"

అలా ఎవరి కోసం ఏడ్చారో ఆయన్నే ముందు పెట్టుకుని జనం బయలుదేరారు. దారిలో విసారియోన్ ఫాదర్ ఎదురయ్యారు. గంటతాడు కింద దొరికిన, బడిపిల్లలు జడకు కట్టుకునే తెల్ల రిబ్బను ఆయన చేతిలో ఊగుతోంది. "శవం సంగతి తర్వాత. ముందు బడికి పదండి!" అన్నారు.

బడిలో జంఫిర మేడమ్ వెనక బెంచీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. మాస్టారు భిన్నాలు చెబుతున్నారు. పిల్లలు చేతులు కట్టుకుని వింటున్నారు. ఇంతలో తలుపు తోసుకుని ఫాదర్, ఆ వెనక తాత, కొవ్వొత్తులు, కొలీవా గిన్నె లోపలికి వచ్చాయి.

"ఏమయ్యా మాస్టారూ! ఈ ఊళ్లో తప్పులు ఒప్పించుకునేది నేను. గంట కొట్టించేదీ నేనే. రెండు పనులూ నువ్వే మొదలెడితే నేనేం చేయాలి, భిన్నాలు చెప్పనా?"

మేడమ్ లేచారు. "గంట ఎవరు కొట్టారు?"

"నేను" అంటూ ఇలింక లేచింది.

"కాదు, నేను!" అని పింత్యా బెంచీ ఎక్కాడు. కిరీటం చేజారుతోందని మిగతావాళ్లకూ అర్థమైపోయింది. చూస్తుండగానే పందొమ్మిది చేతులు లేచాయి. "నేను రెండుసార్లు కొట్టానండీ" అన్నాడు ముందు బెంచీవాడు.

 మాస్టారికి సర్దాల్సిన పెట్టె కళ్ల ముందు కనిపించింది.

"వీళ్లంతా అబద్ధం చెబుతున్నారు మాస్టారూ" అని ఇలింక వెక్కివెక్కి ఏడ్చింది. "నేనొక్కదాన్నే నిజంగా కొట్టాను."

 ఏ తప్పూ ఎరగని పిల్ల చేత వెతికి మరీ తప్పు చేయించానని మాస్టారు సిగ్గుపడ్డారు. ఉద్యోగం సంగతి మరిచిపోయి, పుస్తకం అందుకుని, పైకి చదువుతూ రాశారు. "ఇలింక తప్పేమీ లేదు. తప్పుకు కిరీటం పెడతానన్నది నేను. ఈ పద్ధతి పనికిరాదు. సెవేర్."

లేచిన పందొమ్మిది చేతులూ ఒక్కొక్కటే దిగాయి.

"ఇంతకీ పోయిందెవరర్రా?" అన్నాడు తాత.

"నువ్వే తాతా" అంది గిన్నె పట్టుకున్నావిడ, ఇక దాచలేక.

"అలాగా! అయితే ఆ గిన్నె ఇటివ్వు."

"ఇంకా ఉడకలేదు."

"నేనూ ఇంకా పోలేదుగా, ఇవ్వు."

జంఫిర మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్క పిల్ల కోసం పద్దెనిమిది మంది తప్పు నెత్తిన వేసుకున్నారు! వాళ్లందరి కోసం మాస్టారు వేసుకున్నారు! నా సర్వీసులో ఇలాంటి క్లాసు చూడలేదు."

"కాదు మేడమ్, ఇది పనిచేయలేదు. అదేగా నేను రాసింది."

"ఆహా, ఏం వినయం!"

"మేడమ్, నా మాట వినండి. వాళ్లకు కావాల్సింది కిరీటం..."

"మీ ఉద్యోగం ఖాయం మాస్టారూ."

మాస్టారు ఇంకొక్క వాక్యం చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచారు కూడా. తెరిచిన నోటిని, ఐదేళ్ల పెట్టె గుర్తొచ్చి, మెల్లగా మూసేశారు.

మేడమ్ ఆ పద్ధతిని కిరీటంతో సహా అన్ని బడుల్లో పెట్టమని, ఇలింక ఉదంతాన్ని ఉదాహరణగా జతచేసి ఉత్తర్వు పంపారు. ఆ తర్వాతి వారం జిల్లాలోని పద్నాలుగు ఊళ్లలో ఎవరూ చావకుండానే చావుగంట మోగింది.