జింక లేని వోల్గా

ఈ ఏడాది కూడా సభ్యులెవరూ ఒక్క కారునైనా పూర్తి చేయలేదని బిష్కెక్ నగర సూక్ష్మ మోటారు వాహన నిర్మాతల సంఘం సంతోషంతో ప్రకటించింది. వార్షిక నివేదికను అధ్యక్షుడు బేషెనాలి స్వయంగా చదివారు. "తొందరపాటుకు ఏమాత్రం లోనుకాకుండా మన సంఘం పంతొమ్మిదో ఏట అడుగుపెడుతున్నది" అన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివారు. సభ్యులు చాలాసేపు చప్పట్లు కొట్టారు. మూల కుర్చీలో షబ్దాన్ ఒక్కడే కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పాలంటే ఏప్రిల్ నుంచి మొదలుపెట్టాలి.

పాత బూట్ల ఫ్యాక్టరీ కార్మికుల గదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఈ సంఘం కొలువు తీరుతుంది. అసలు కారులో నలభైమూడో వంతు ఉండే కార్లను ముక్కలుగా పెట్టెల్లో కొనుక్కొచ్చి, అతికించి, రంగు వేసి నిలబెట్టడం దీని ఆశయం. ఆశయమన్నది కళ్లెదుట ఉండాలి గాని చేతికి అందకూడదని పెద్దల అభిప్రాయం. అందుకే ఇక్కడ మనిషి గౌరవాన్ని కట్టిన కార్లను బట్టి కాక విప్పని పెట్టెలను బట్టి కొలుస్తారు. అధ్యక్షుడి ఇంట్లో మూడువందల పన్నెండు పెట్టెలున్నాయి. ఒక్కదాని పైకాగితం కూడా చిరగలేదు. పెట్టెలకు చోటు చాలక ఆయన మంచం అమ్మేశారని గిట్టనివాళ్లు అంటారు. పచ్చి అబద్ధం. మంచం కిందే తొంభై పెట్టెలుండగా మంచం ఎలా అమ్ముతారు? కార్యదర్శి గెన్నాది పెత్రోవిచ్ మాత్రం వయసులో ఉన్నప్పుడు తెలిసీ తెలియక ఒక మాస్క్విచ్ కారు పూర్తి చేశాడు. పెద్దమనసుతో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

కార్లు కట్టని ఖాళీ సమయమంతా సభ్యులు సలహాలకు వినియోగిస్తారు. సలహా ఇవ్వడంలో ఒక పద్ధతి ఉంది. ముందు అందరికన్నా వయసులో పెద్దవాడు మాట్లాడాలి. మాట ముగించి, రెండు అరచేతులూ పైకెత్తి దీవించి, ముఖం మీదుగా కిందికి దించి "ఓమిన్" అంటాడు. అందరూ అలాగే అంటారు. అది బాతా. పెళ్లికీ, ప్రయాణానికీ, గొర్రెను కోసేముందూ పెద్దలిచ్చే బాతాయే ఇక్కడ బంపరుకూ, చక్రానికీ ఇస్తారు. బాతా అయ్యాక ఆ సలహా కాదన్నవాడు సలహాను కాదన్నట్టు కాదు, పెద్దాయన తెల్లగడ్డాన్ని కాదన్నట్టు. ఇంతవరకు ఈ ఊళ్లో అంత పని ఎవరూ చేయలేదు.

ఇలాంటి చోటికి షబ్దాన్ వచ్చాడు. అరవై ఏడేళ్ల మనిషి. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. చేతికి పని తెలుసు. సంఘంలో చేరడానికి ఇది పెద్ద అనర్హతే గాని, పాపం ఆ విషయం దరఖాస్తులో రాయలేదు.

అతను రావడానికి కారణం తోక్‌మోక్‌లో ఉండే అన్న తుర్గున్. ఎనభై ఒక్క ఏళ్లు. కళ్లలో నీటికాసులు, చూపు రోజురోజుకీ తగ్గుతోంది.

"డాక్టరమ్మ ఏమందో విన్నావా?" అన్నాడు ఆయన ఏప్రిల్లో, తమ్ముడి గిన్నెలో టీ పోయించి. "మంచు పడే వేళకి రెండూ ఆరిపోతాయంట. పోనీలే, ఎనభై ఏళ్లు చూశాం, చాలదా? సరస్సు చూశా, మీ వదిన మొహం చూశా. ఒక్కటేరా. మన బండిని ఇంకోసారి చూడాలనుంది."

మన బండి అంటే అరవై నాలుగు నాటి లేతనీలం వోల్గా కారు. దాన్ని తుర్గున్ ఇరవై రెండేళ్లు టాక్సీగా నడిపాడు. షబ్దాన్ బడికి వెళ్లిందీ అందులోనే, పెళ్లికూతుర్ని తెచ్చుకున్నదీ అందులోనే. తర్వాత అది ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

"బానెట్ మీద జింక బొమ్మ గుర్తుందా?"

"గుర్తులేకేం అన్నా. పక్కకి తిరిగి ఉండేది."

"బూమ్ కనుమలో నది ఒడ్డున ఊడిపడితే నేనే అతికించా. అప్పట్నుంచి రోడ్డు చూడ్డం మానేసి నది వంకే చూసేది, దొంగది!" అని పకపకా నవ్వాడు తుర్గున్.

ఆ వారమే షబ్దాన్ వోల్గా పెట్టె కొన్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంటే మూడు వారాల్లో అయిపోయేది. కాని అతనిది పద్ధతి గల ప్రాణం. తెలిసినవాళ్లను ఓ మాట అడిగి చేద్దామని సంఘంలో చేరాడు. మనలో ఎంతమంది ఇలాగే మునిగిపోలేదు!

"ముందు బంపరుకు ఏ జిగురు వాడాలి?" అని సంఘం వాళ్ల ఫోను గ్రూపులో అడిగాడు. సాయంత్రానికి రెండువందల పధ్నాలుగు జవాబులు వచ్చాయి. జిగురు పేరు చెప్పినవి మూడు. ఆ ముగ్గురూ ఒకరినొకరు మూర్ఖుడన్నారు. మిగిలినవాళ్లు అసలు బంపరుతో మొదలుపెట్టాలని నీకు చెప్పిందెవరని నిలదీశారు. గెన్నాది పెత్రోవిచ్ శనివారం సభలో లేచి, గంటంబావు పాటు జిగురు చరిత్ర వివరించి, "బూట్లు అంటించే జిగురు వాడినవాణ్ణి మాత్రం నేను మనిషిగా గుర్తించను" అని ముగించాడు. బూట్ల ఫ్యాక్టరీ గదిలో ఆ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి.

షబ్దాన్ నెమ్మదిగా లేచాడు. "మా అన్నకి చూపు తగ్గుతోందండీ. ఇరవై నాలుగో వంతు పెట్టె కూడా దొరుకుతోంది, కాస్త పెద్దది. అది కడితే ఆయనకి బాగా కనిపిస్తుందేమోనని…"

గదిలో అందరూ టీ గిన్నెలు కింద పెట్టారు. అధ్యక్షుడు కళ్లు మూసుకుని తెరిచారు.

"తమ్ముడూ! ఇరవై నాలుగో వంతు అంటే పిల్లలాడుకునే బొమ్మ. నలభైమూడో వంతు మన తాతల నుంచి వచ్చిన సొత్తు. చూపు తగ్గడం మీ ఇంటి విషయం. కొలత జాతి విషయం. జాతి గొప్పదా, ఇల్లు గొప్పదా?"

జాతి గొప్పదని తేలింది. అరచేతులు లేచాయి. ఓమిన్.

మే, జూన్, జులై నెలలు రంగుకు కేటాయించబడ్డాయి. లేతనీలం అన్నది రంగు కాదనీ, అదొక అభిప్రాయమనీ సంఘం భావించింది. అధ్యక్షుడి దగ్గర ఆనాటి ఫ్యాక్టరీ రంగుల అట్ట ఒకటుంది. అది వెలిసిపోయింది. ఎంత వెలిసిందన్న దాని మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం మొదట ఎక్కువ వెలిసిందన్నది, తర్వాత తక్కువన్నది, చివరికి అసలు వెలవలేదనీ అప్పుడు కారే వెలిసిన రంగులో వచ్చేదనీ తేల్చింది. మూడుసార్లూ షబ్దాన్ వేసిన రంగు గీకి మళ్లీ వేశాడు. మధ్యలో ఉండబట్టలేక అన్నకు ఫోను చేసి అడిగాడు. "పొద్దున్నే సరస్సు ఏ రంగులో ఉంటుందో అదేరా" అన్నాడాయన. షబ్దాన్ పొంగిపోయి ఆ మాట సభలో చెప్పాడు. అధ్యక్షుడు జాలిగా నవ్వారు.

"మీ అన్న దాన్ని నడిపాడంతే. మేం చదివాం."

ఎంత మాట! కార్యదర్శి వెంటనే దాన్ని తీర్మానాల పుస్తకంలో ఎక్కించాడు.

ఇంట్లో షబ్దాన్ భార్య ఉరుమ్‌కన్ నాలుగోసారి రంగు వాసన పీల్చి, కిటికీ తెరిచి, "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంతమందిని అడగలేదు మీరు" అన్నది.

"నీకు తెలీదులే. వాళ్లు తలపండినవాళ్లు."

"పండింది తలేగా! చేతులకి ఇంకా పూతే రాలేదు."

సెప్టెంబరులో బండి దాదాపు నిలబడింది. నాలుగు చక్రాలు, గళ్ల టాక్సీ పట్టీ, బానెట్ మీద బియ్యపు గింజంత జింక. షబ్దాన్ దాన్ని జేబురుమాల్లో చుట్టి, గుండెకు ఆనించుకుని సభకు తెచ్చాడు. ఇది చూపించేసి, నేరుగా తోక్‌మోక్ బస్సెక్కాలని అతని ఆలోచన. అధ్యక్షుడు భూతద్దం తీసి ఒక్క క్షణం చూసి, గాయపడినవాడిలా కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"జింక!"

"అవునండీ. మా అన్న బండికి ఉండేది."

"ఉండదు. అరవై రెండులోనే ఫ్యాక్టరీ జింకను తీసేసింది. నీది అరవై నాలుగు బండి. అరవై నాలుగు బండి మీద జింక ఉందంటే, ఒకటి, మీ అన్న అబద్ధమాడుతున్నాడు. రెండు, చరిత్ర అబద్ధమాడుతోంది. చరిత్రకి ఆ అలవాటు లేదు."

"ఆయన విడిగా తెచ్చి పెట్టుకున్నాడండీ."

"చూశావా, తప్పని నువ్వే ఒప్పుకున్నావు! పెద్దవాడు చేసిన తప్పుని తమ్ముడు దిద్దడం ధర్మం" అని అధ్యక్షుడు అరచేతులు ఎత్తారు. ఇరవై ఆరు జతల అరచేతులు ఆయన వెంట లేచాయి. షబ్దాన్ చేతులు అన్నిటికన్నా ఆలస్యంగా లేచాయి గాని, లేచాయి. ఇంటికొచ్చి సన్నకత్తితో జింకను కోసి, అగ్గిపెట్టెలో పెట్టాడు. జింక ఉన్నచోట మచ్చ పడితే, ఆ మచ్చ పోవడానికి బానెట్‌కు మళ్లీ రంగు వేయాలనీ, ఆరడానికి ముప్పై రోజులు కావాలనీ కార్యదర్శి తెలియజేశాడు.

ఇరవై రెండో రోజున తోక్‌మోక్ నుంచి ఫోను.

"షబ్దాన్, నెమ్మదిగా చేసుకోరా. ఇంక తొందరేం లేదు. నిన్న పొద్దున్న లేచేసరికి కిటికీ ఎటువైపుందో తెలీలేదు."

షబ్దాన్ ఫోను పెట్టేసి, వంటింటి బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చాడు. సిగ్గుపడలేదు. ఉరుమ్‌కన్ వచ్చి పక్కన కూర్చుంది. ఆ తర్వాత అతను గ్రూపులో ఒక్క ముక్క రాశాడు: "మా అన్నకు చూపు పోయింది. బండి పని ఆపేస్తున్నాను." పది నిమిషాల్లో నలభై ఆరుగురు సానుభూతి తెలిపారు. నలభై ఏడో అతను సానుభూతి తెలిపి, షబ్దాన్ మొన్న పెట్టిన ఫొటోలో చక్రాల మూతలు ఆ ఏటివి కావని కూడా తెలిపాడు.

మర్నాడు మొగుడూ పెళ్లాం బండి తీసుకుని తోక్‌మోక్ వెళ్లారు. తుర్గున్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. షబ్దాన్ ఆయన అరచేతిలో బండి పెట్టాడు. ముసలివేళ్లు ముందు చక్రాలు పట్టుకున్నాయి. బంపరు, లైట్లు, పైకప్పు తడిమాయి.

"బాగా కట్టావురా. ఇదిగో, ఈ తలుపు దగ్గరేగా నీ వేలు నలిగింది!"

వేళ్లు బానెట్ మీదికి వచ్చి ఆగాయి. ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాయి. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇది మన బండి కాదు."

"మనదే అన్నా."

"జింక ఏదిరా?"

"తీసేశా" అన్నాడు షబ్దాన్.

"ఎందుకూ?"

"అరవై రెండు తర్వాత ఫ్యాక్టరీ పెట్టలేదంట."

"ఫ్యాక్టరీ పెట్టలేదు, నేను పెట్టాగా!"

"చెప్పానన్నా. నువ్వు నడిపావంతే, వాళ్లు చదివారంట."

తుర్గున్ ముందు చక్రాన్ని వేలితో నిమిరాడు. "నిజమేరా. ఇరవై రెండేళ్లు నడపడానికే సరిపోయింది. చదువుకోడానికి తీరిక లేకపోయింది."

ఉరుమ్‌కన్ సంచి తెరిచి అగ్గిపెట్టె తీసి భర్త ముందు పెట్టింది. "నేను తెచ్చాలెండి. సంఘాన్ని అడిగి అతికిస్తారా, ఇప్పుడే అతికిస్తారా?"

ఇంట్లో వెతికితే తలుపు దగ్గర బూట్లు అంటించే జిగురు దొరికింది. మనిషిగా గుర్తింపు పోతే పోయిందనుకుని షబ్దాన్ అదే తీసుకున్నాడు. తొందరలో జింక వంకరగా పడింది. సరిచేయబోయే లోపలే అన్న వేలు అక్కడికి వచ్చేసింది. ఆ వేలు జింక మెడను పట్టుకుని, అది ఎటు తిరిగి ఉందో చూసింది.

"నది వంకే చూస్తోందిరా, దొంగది!"

ఆయన బండిని ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులూ ఎత్తాడు. "ఇది అయిపోయింది. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఓమిన్" అని ముఖం నిమురుకుని, చెయ్యి మళ్లీ బండి మీద వేశాడు. ఉరుమ్‌కన్ ఫొటో తీసింది. షబ్దాన్ దాన్ని గ్రూపులో పెట్టాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడి వయసు డెబ్బై నాలుగు. తుర్గున్‌ది ఎనభై ఒకటి. చిన్నవాడి బాతా పెద్దవాడి బాతాను కొట్టేయజాలదు. అలాగని పద్దెనిమిదేళ్ల నిష్కళంక చరిత్రలో ఒక పూర్తయిన కారును ఎలా భరించడం? నాలుగు గంటల చర్చ తర్వాత కార్యదర్శికే దారి దొరికింది. ఫొటోలో సగం బండిని ముసలాయన చెయ్యి కప్పేసి ఉన్నందున, బండి పూర్తయినట్టు సంఘం ధ్రువీకరించజాలదు. ఆ విధంగా ఈ ఏడాది కూడా సభ్యులెవరూ ఒక్క కారునైనా పూర్తి చేయలేదని సంతోషంతో ప్రకటించారు. మీరు మొదట్లో విన్న చప్పట్లు అవే.

ఇక పాఠకులకు ఒక మనవి. ఫ్యాక్టరీ జింకను తీసేసిన నెలేదో, గళ్ల పట్టీలో గళ్లెన్నో మీకు బాగా తెలుసు. ఈ కథలో దొర్లిన తప్పులన్నీ వరుసగా రాసిపెట్టుకుని, ఉత్తరం రాయడానికి కలం మూత కూడా తీసి ఉంటారు. తప్పకుండా రాయండి. తుర్గున్ బండి మీంచి చెయ్యి తీసేదాకా మాత్రం ఆగండి.