గద్దె మీది జెండా

ఆ రోజు తనియప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి టైలర్ దగ్గర తుళునాడు జెండా తీసుకోవడం, పదింటికి క్లబ్బు మైదానంలో ఎగరేయడం. ఆరు నెలలు వెంటపడితే గానీ మేనమామ సంకప్ప ఒప్పుకోలేదు. ఇంటికీ క్లబ్బుకీ పెద్ద ఆయనే. "యాభై మంది రాకపోతే దాన్ని మడిచి బీరువాలో పెట్టు, మళ్ళీ ఆ మాటెత్తకు" అన్నాడు. తనియప్పకేమో ఆ జెండా అంటే ప్రాణం. మన తుళు భాషకీ ఒక గుర్తుందని ఊరంతా తలెత్తి చూడాలని అతని ఆశ.

దైవస్థానం మలుపులో స్కూటరు బురదలో దిగబడింది. పట్టుజెండా తడవకూడదని, ఎర్రటి వైపు పైకొచ్చేలా మడిచి దైవం గద్దె మీద పెట్టాడు. స్కూటరు లాగి, కాళ్ళు కడుక్కోవడానికి బోరింగు దగ్గరకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఊళ్ళోకల్లా పెద్దావిడ మైందక్క జెండా మీద పోకపువ్వు పెట్టి దీపం వెలిగిస్తోంది. ఆ రోజు నెల సంక్రమణమని అతనికప్పుడు గుర్తొచ్చింది. సంక్రమణం నాడు గద్దె మీద ఎర్రపట్టు పెట్టారంటే అది మొక్కుబడే, ఇక తిరుగు లేదు.

"అత్తా, అది నాది" అన్నాడు.

"నీదే, నువ్వు పెట్టడం చూశాగా. దైవానికిచ్చి మళ్ళీ నాదంటావేంరా, సిగ్గు లేదూ? సూర్యుణ్ణీ చంద్రవంకనీ కూడా కుట్టించావు. ఇంత పెద్ద మొక్కు దేనికి?"

తనియప్ప తల గోక్కున్నాడు. అదే కొంప ముంచింది.

"ఊళ్ళో కుర్రాళ్ళందరిలా బొంబాయి హోటల్లో పనికి పోతున్నావు, అంతేగా? చెప్పలేక మింగుతున్నావు పాపం" అని మైందక్క తనే తేల్చేసి ఊళ్ళోకి నడిచింది.

అరగంటలో ఊరంతా గుప్పుమంది. ఎదురింటివాళ్ళు దారిలో తినమని పనసాకు దొన్నెల్లో ఆవిరి మీద ఉడికించిన కడుబులు తెచ్చారు. ఒకాయన బొంబాయిలో తమ్ముడికివ్వమని ఊరగాయ జాడీ చేతిలో పెట్టాడు. క్లబ్బు పిలిపించిన డోలువాళ్ళు, జనం ఇక్కడుంటే అక్కడేం పని అనుకుని ఇక్కడే మొదలెట్టారు. ఆ చప్పుడుకి పక్క ఊరు కూడా కదిలింది.

అతని భార్య సుగంధి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "కట్టుకున్నదానికి చెప్పకుండా బొంబాయా? నీ చొక్కాలు ఎవరు సర్దుతారనుకున్నావు?"

"నేనెక్కడికీ పోవట్లేదే. అది జెండా."

"జెండాకి పోకపువ్వెందుకు పెట్టావు?"

చివరికి సంకప్ప వచ్చాడు. తనియప్ప జరిగిందంతా చెవిలో చెప్పి, "మైదానంలో ఒక్కడూ లేడు మావయ్యా. జెండా ఇక్కడ ఇరుక్కుంది. నా పని అయిపోయింది" అన్నాడు.

సంకప్ప ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. మూడొందలకి తక్కువ లేరు. "వెర్రివాడా, జనం ఉన్నచోటే మైదానం" అని పట్టు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు సంకప్పా, అది దైవానిది" అంది మైందక్క.

"దైవం దగ్గరే ఉంటుందక్కా. కాస్త పైకి, అంతే."

గద్దె ముందున్న కొయ్య స్తంభానికి కట్టి తాడు లాగారు. డోళ్ళు ఊపందుకున్నాయి. జెండా విచ్చుకోగానే మూడొందల మందీ చేతులు జోడించారు. ఇంతకీ అదేమిటని మైందక్క అడిగింది.

"మన తుళువాళ్ళ జెండా అత్తా. మనందరిదీ."

"మనదా? మరి బొంబాయి అన్నావేంరా?" అని కసిరి, ఆవిడ మళ్ళీ దండం పెట్టింది. తనియప్ప సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. సుగంధి, పడేస్తావు ఇలా ఇవ్వమంటూ అతని చేతిలోని జాడీ అందుకుంది.

సాయంత్రం దించబోతే మావయ్య అడ్డం పడ్డాడు. దైవానికిచ్చింది దించాలంటే, ఏడాదికోసారి జరిగే కోల జాతర నాడు వేషం కట్టినవాడి నోట దైవమే పలికి సరేననాలి. ఆ ఏటి కోలలు ముగిసి అప్పటికి మూడు వారాలే అయింది.