సీడ్ స్పెషలిస్టు త్రికోటేశ్వరరావు

"శత్రు గగనతల రక్షణ వ్యవస్థను అణచివేయనిదే ఏ దేశానికీ క్షేమం లేదు" అని నరసరావుపేటలో, అలీ సాహెబ్ టీ కొట్టు ముందు, త్రికోటేశ్వరరావు ప్రకటించాడు. అప్పుడు ఆయన చేతిలో అల్లం టీ ఉంది. ఆ మాటకి దేశం ఊపిరి పీల్చుకుందో లేదో తెలియదు గానీ, అలీ సాహెబ్ మాత్రం రెండో టీ పొయ్యి మీద పెట్టాడు.

త్రికోటేశ్వరరావు ఎక్కడో ఉత్తరాదిన వైమానిక స్థావరంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై వచ్చాడు. అక్కడ ఏం పని చేసేవాడివని అడిగితే కళ్లు సగం మూసి "సీడ్" అనేవాడు. సీడ్ అంటే ఏందని అడిగితే అది దేశ రహస్యం అనేవాడు. రెండో టీ వచ్చాక ఆ రహస్యాన్ని ఆయనే విప్పేవాడు.

"శత్రువు రాడార్లు పెట్టుకుని కాచుకుని కూర్చుంటాడు. మన విమానాలు పోయేముందు ఆ రాడార్ల నోరు మూయించాలి. దాన్ని ఇంగ్లీషులో పొట్టిగా సీడ్ అంటాం. నోరు మూయించడం కాక పూర్తిగా లేపేస్తే డెడ్ అంటాం. వాళ్లకేమీ కనపడకుండా చేస్తే జామింగ్. క్షిపణి వదిలేటప్పుడు 'మాగ్నం' అని కేకేస్తాం."

ఈ 'అంటాం', 'కేకేస్తాం' అనే బహువచనంలో తన వాటా ఎంతో ఆయన ఏనాడూ చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇంత ఘనత గేటు లోపలే ఉండిపోతే ఎలా అని బోర్డు రాయించాడు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో చుక్కలు పెట్టమని పెయింటర్ జుబేర్‌కి చెప్పి స్నానానికి వెళ్లాడు. "ఇంగ్లీషు అయితే ఎవరు చదువుతారు సార్" అని జుబేర్ తన ఔదార్యం కొద్దీ తెలుగులోనే రాసిపెట్టాడు: 'టి. త్రికోటేశ్వరరావు, ఎయిర్ ఫోర్స్ (రిటైర్డ్), సీడ్ స్పెషలిస్టు.'

అవి పల్నాడంతా మిరప నార్లు పోసుకునే రోజులు. బోర్డు పెట్టిన వారానికి, ఆగస్టు పద్నాలుగున, శావల్యాపురం నుంచి జక్కయ్య అనే కౌలు రైతు బస్సు దిగి నేరుగా వచ్చి గేటు తట్టాడు.

"సారూ, విత్తనాల స్పెషలిస్టు మీరేనంట గదా."

"విత్తనాలు కాదయ్యా. సీడ్ అంటే యుద్ధం."

"మాకూ యుద్ధమే సారూ."

"అట్టా కాదు. ముందు సీడ్. అది కుదరకపోతే డెడ్."

జక్కయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకూ అదే జరిగింది సారూ. ముందు సీడ్, ఇప్పుడు డెడ్."

"నే చెప్పేది వినయ్యా. మేం ముందు జామింగ్ చేస్తాం."

"జామ మాకెందుకులే సారూ. మిరపకి చెప్పండి."

"ఆ తర్వాత మాగ్నం వదులుతాం."

"ఆ మందు లీటరుకి ఎన్ని గ్రాములు?"

త్రికోటేశ్వరరావు నెత్తి కొట్టుకున్నాడు. జక్కయ్య తడిగుడ్డ విప్పి పిడికెడు నారు చూపించాడు. మూడెకరాలకి పోసిన నారుమడి, నిన్నటి నుంచి వరసగా ఒరిగిపోతోంది. మళ్లీ పోయాలంటే అదను దాటిపోతుంది. ఈ ఏటి మిరప పంట మొత్తం ఆ తడిగుడ్డలో ఉంది.

త్రికోటేశ్వరరావు నారు మొదళ్ల వైపు ఒక్కసారి చూశాడు. రోగమేమిటో రెప్పపాటులో తెలిసిపోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గుటుక్కున మింగి, "ఈ విషయంలో పై అధికారులను సంప్రదించి తెలియజేస్తాను" అని గేటు వేసేశాడు.

ఇంట్లోంచి అంతా వింటున్న ఆయన భార్య తిరపతమ్మ బయటికొచ్చింది. "ఏమయ్యా, చెప్పి పంపితే నీ సొమ్మేం పోయింది? ముప్పై ఏళ్లు ఆఫీసర్ల మెస్సు వెనక నార్లు పోసిన తోటమాలివి నువ్వేగా."

"గట్టిగా అనమాకే. రేపు సన్మానం ఉంది."

అదీ సంగతి. పల్నాటి పౌరుష పరిరక్షక సమితి వారు పంద్రాగస్టు సభలో ఆయనకు శాలువా కప్పి 'గగన సింహం' బిరుదు ఇవ్వబోతున్నారు. సింహం చేతిలో నీళ్ల డబ్బా ఉండేదని తెలిస్తే బిరుదు ఉంటుందా? ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. కంచంలో మిరపకాయ బజ్జీ చూసినా జక్కయ్య మొహమే గుర్తొచ్చింది.

మర్నాడు సభలో సమితి కార్యదర్శి చెన్నకేశవులు మైకు పట్టుకున్నాడు. "రైతు దేశానికి వెన్నెముక. ఆ వెన్నెముకలు కొంచెం వెనక్కి జరిగి కూర్చోవాలని మనవి. ఈ మహావీరుడు నేల మీద కాలు పెట్టి ఎరగడు, మట్టి ముట్టి ఎరగడు" అంటూ శాలువా కప్పాడు.

అప్పుడే వెనక వరసలోంచి తడిగుడ్డతో జక్కయ్య లేచాడు. "సారూ, పై అధికారులు ఏమన్నారు?"

"కూర్చోవయ్యా, ఇది వీరుల సభ" అని చెన్నకేశవులు కసిరాడు.

జక్కయ్య కూర్చోలేదు. గుడ్డలో నారు నిన్నటికన్నా వాడిపోయింది. త్రికోటేశ్వరరావు అది చూశాడు. లేచి మైకు లాక్కున్నాడు.

"రోజుకెన్నిసార్లు తడుపుతున్నావు?"

"మూడు సార్లు సారూ."

"అందుకే పోతంది. అది నారుకుళ్లు. ముందు నీళ్లు ఆపు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాములు కలిపి, మొదళ్లు తడిసేట్టు పొయ్యి. నువ్వు సభ అయ్యేదాకా ఉండమాక, బస్సెక్కు."

చెన్నకేశవులు నోరు తెరిచాడు. "ఇయ్యన్నీ మీకెట్టా తెలుసు?"

"నేను తోటమాలిని కాబట్టి. ఆఫీసర్లు లాన్లో టీ తాగుతా మాట్లాడుకుంటంటే, మొక్కలకి నీళ్లు పోస్తా విన్నా. మొట్టమొదట 'రేపు పొద్దున్నే సీడ్' అని వాళ్లంటే, నిజమేననుకుని నాలుగు మళ్లు తవ్వి రెడీగా పెట్టా."

సభ గొల్లుమంది. త్రికోటేశ్వరరావుకు మాత్రం ముప్పై ఏళ్ల బరువు దించినంత హాయిగా అనిపించింది. చెన్నకేశవులు నవ్వలేదు. "సాంకేతిక కారణాల వల్ల ఈ శాలువా వాయిదా పడింది" అని దాన్ని వీరుడి భుజాల మీద నుంచి తీసి, మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. వెన్నెముకలన్నీ ఎవరూ పిలవకుండానే ముందుకు జరిగి, వేదిక ముందు బారులు తీరాయి. ఎండాకు తెగులు, ముడత, పేనుబంక, ఎవరి బాధ వాళ్లది.

నాలుగో రోజుకి జక్కయ్య ఫోన్ చేశాడు. ఒరిగింది ఒరగగా మిగిలిన నారు నిలబడిందట.

ఫోన్ పెట్టేసరికి పెరటి తలుపు చప్పుడైంది. తలకు ముసుగేసుకుని, అటూ ఇటూ చూసుకుంటూ చెన్నకేశవులు లోపలికొచ్చాడు. ఆ ముసుగు మొన్నటి శాలువాయే.

"మేడ మీద కుండీలో జామచెట్టు పెంచా సార్. చిలకలు గుంపుగా పైనుంచి దిగి కాయలన్నీ కొట్టేస్తన్నయ్. ఏదన్నా ఉపాయం చెప్పండి. నేనొచ్చినట్టు మాత్రం ఎవరితో అనమాకండి."

త్రికోటేశ్వరరావు ఎప్పటిలాగే కళ్లు సగం మూశాడు.

"శత్రువు ఆకాశంలోంచి వస్తన్నాడన్నమాట. ఆ శాలువా తీసి చెట్టుకి కప్పండి. దాన్నే మా ఎయిర్ ఫోర్సులో జామింగ్ అంటాం."