వడ్రంగిపిట్ట దెబ్బ, కాకి కబురు

మాది పెద్ద అడవే, కానీ అంతటికీ కబుర్ల కచేరీ ఒక్కటే. వాగు పొంగినా, పులి దిగినా కబురు ముందు అక్కడికే రావాలి. ఆ కచేరీకి నియమాలు రాసిన మేధావిని నేనే, ముంగిసను. అప్పట్లో ఈ మాట గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ణి.

మొదటి నియమం ఇది. వడ్రంగిపిట్ట గడియకోసారి మోడు మీద కొట్టగానే గుమాస్తా ఎలుగుబంటి కబుర్ల పెట్టె తెరిచి, కబుర్లు రాసిన పాత ఆకులు ఏరి సర్దాలి. సర్దడం పూర్తయ్యేదాకా అందులో కొత్తది వేయకూడదు.

రెండో నియమం: కాకి కబురు తెచ్చి "కావ్" అనగానే ఎలుగుబంటి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఆ ఆకును పెట్టెలో వేయాలి. వేసేదాకా ఇంకే పనీ ముట్టకూడదు.

రెండూ వేర్వేరు రోజుల్లో రాశాను. రెండుసార్లూ సభలో చప్పట్లు కొట్టారు.

వేసవంతా బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ఎలుగుబంటి సగం సర్దేసరికి కాకి వాలింది. ఎలుగుబంటి ఆకు అందుకుని పెట్టె ముందు అలాగే నిలబడిపోయింది. నన్ను పిలిపించారు.

"ఏమిటిది?" అన్నాను.

"సర్దడం కాలేదు, ఆకు వేయకూడదు. ఆకు వేయలేదు, సర్దకూడదు. తమరి నియమమే అయ్యగారూ" అంది ఎలుగుబంటి.

కాకి ముందుకొచ్చింది. "అయ్యా, ఆ కబురు తమకే. ఎగువన వాగు..."

"పెట్టెలో పడని కబురు చెల్లదు. నోరు మూసుకో!" అన్నాను. నాకు పద్ధతంటే ప్రాణం.

ఇంకో పెట్టె తెప్పించి, దాని ముందు దున్నను కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. కాకిని ఆపి వడ్రంగిపిట్ట చేత కొట్టించాను. దున్న చక్కగా సర్దింది. వడ్రంగిపిట్టను ఆపి కాకి చేత అరిపించాను. ఆకు చక్కగా పెట్టెలో పడింది. "విడివిడిగా రెండూ నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి సమస్య లేదు" అని నివేదిక రాస్తూ కూర్చున్నాను. ఎలుగుబంటి ఇంకా నిలబడే ఉంది.

తొమ్మిదో ఆకు రాస్తుండగా మా ఆవిడ వచ్చింది. ఒళ్ళంతా బురద, నోట మా చిన్నది. దాన్ని కింద దింపి రొప్పుతూ అంది: "ఏమండీ, వాగు మన బొరియలోకి వచ్చేసింది. నలుగురు పిల్లల్నీ ఒక్కదాన్నే మోశాను. ఎగువనుండే కొంగ పొద్దున్నే కబురు పంపిందట కదా, రాలేదేం?"

"అదింకా పెట్టెలో పడలేదే" అన్నాను. సిగ్గులేకుండా ఆ మాట నేనే అన్నాను.

ఆవిడ పెట్టెనీ, ఎలుగుబంటినీ, కాకినీ చూసింది. "సర్దినంతసేపూ కాకిని గుమ్మం బయట ఆగమంటే పోయేదిగా? సర్దడమెంత, చిటికెలో పని!"

పిల్లలు బతికారు. అది ఆవిడ చలవే, నాది కాదు. అయినా మర్నాడు ఆవిడ మాటనే మూడో నియమంగా రాసి, కింద నా సంతకం పెట్టాను. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

నీతి: నియమాలు రాసేవాళ్ళకు వాగు ఒడ్డునే ఇళ్ళివ్వాలి.