చక్కెర మేళానికి చావు లేదు

మనిషి కనిపెట్టినవాటిలో పారాసిటమాల్ తర్వాత అంతటి మహోపకారి స్వీట్ బిగ్ బ్యాండ్ డాన్స్ మ్యూజిక్! కాదనేవాళ్ళు ఒక మధ్యాహ్నం, అదే ఇక్కడివాళ్ళ భాషలో ఒక 'ఆర్వో', ఆస్ట్రేలియాలోని టూవూంబా రండి. నేను నర్సింగ్ చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసే వృద్ధుల హోమ్‌లో కూర్చోండి. మీ అభిప్రాయం మారి తీరుతుంది. మారకపోయినా పాట ఆగదు.

ఈ సంగీతం తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. ఒకే రకం కోట్లు తొడుక్కున్న ఇరవై మంది సాక్సఫోన్లూ, నోరు నొక్కేసిన ట్రంపెట్లూ పట్టుకుని, పక్కగదిలో పసిపాప నిద్రపోతున్నట్టు వాయిస్తారు. జాజ్‌లోంచి ఉప్పూ కారం తీసేసి పాకం పట్టారన్నమాట. ఎనభై తొంభై ఏళ్ళయినా ఆ పాకానికి చీమలు పట్టలేదు. చీమలకి రుచి తెలుసు మరి!

రాజ్యాలు పోయాయి, క్యాసెట్లు పోయాయి, మా యూనివర్సిటీలో క్యాంటీన్ కూడా పోయింది. ఈ మేళం మాత్రం పోలేదు. ఎందుకంటారు? మాధుర్యం వల్లనా? మీ అమాయకత్వానికి నా జోహార్లు! వినేవాళ్ళ చేతిలో స్విచ్ లేకపోవడం వల్ల. స్విచ్ మా లైఫ్‌స్టైల్ కోఆర్డినేటర్, అంటే ముసలివాళ్ళ కాలక్షేపం చూసే జాక్లిన్ ఆఫీసులో ఉంటుంది.

"ఓల్డీస్ లవ్ ఇట్!" అంటుంది జాక్లిన్. ఆవిడ లెక్కలో ముసలివాళ్ళందరూ ఒకే రోజున పుట్టారు. నిజానికి ఈ పాటలకి కుర్రతనంలో స్టెప్పులేసినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిశారు. ఇప్పుడు హోమ్‌లో ఉన్నది వాళ్ళ పిల్లలు. అమ్మానాన్నల పాటలంటే ఒళ్ళుమండి ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకున్న తరం. పాపం, అంత తిరుగుబాటూ చేసి, చివరికి ఆ రికార్డుకే దొరికిపోయారు!

ఉదాహరణకి ఏడో నంబరు గది బారీ. జీవితమంతా లారీ తోలిన పెద్దమనిషి. పాట మొదలవగానే "టర్న్ దట్ రబ్బిష్ ఆఫ్!" అని అరిచేవాడు. జాక్లిన్ చప్పట్లు కొట్టి "బారీ సంగీతానికి ఎంత చక్కగా స్పందిస్తున్నాడో!" అని మురిసిపోయేది. మాకు యూనిలో 'పర్సన్ సెంటర్డ్ కేర్' అని ఒక సబ్జెక్టుంది. ఇప్పుడర్థమైంది. పర్సన్ సెంటర్లో ఉంటాడు, చుట్టూ స్పీకర్లుంటాయి.

అయితే ఈ సంగీతానికి నిజమైన అభిమాని జ్ఞానకుమారి ఆంటీ. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ట్రంపెట్ వినబడితే చాలు, నైటీ మీది టవల్ తలమీదికి లాక్కుని, వాకర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడి, మెల్లగా అటూ ఇటూ ఊగుతారు. జాక్లిన్ వీడియో తీసి "మీ అమ్మ డాన్స్ చేస్తోంది!" అని కొడుకు నాథన్‌కి పంపింది. ఇక్కడ టూవూంబాలోనే డాక్టరైన ఆయన దాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు. లైకులే లైకులు!

ఆంటీ డాన్స్ చెయ్యడం లేదు. వాళ్ళ ఊళ్ళో క్రైస్తవుల ఇంట మనిషి పోతే పెట్టె ముందు బ్యాండు మేళం కీర్తన వాయిస్తూ నడుస్తుంది. దారిలో ఇళ్ళవాళ్ళు తలమీద కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడి సాగనంపుతారు. మతిమరుపులో ఎన్ని పోయినా ఆ మర్యాద పోలేదు.

"ఎవరమ్మాయ్ పోయింది? ఏ ఊరి మేళమిది? చావుకి వాయించమంటే పెళ్ళికి వాయిస్తన్నారు, సిగ్గులేకపోతే సరి!" అని రోజూ నన్ను నిలదీసేవారు. "ఎవరూ పోలేదాంటీ, అది రికార్డు" అని రోజూ చెప్పేదాన్ని. ఇరవయ్యో శతాబ్దపు సంగీతం మీద ఇంతకంటే మంచి విమర్శ నేనింతవరకూ చదవలేదు.

పోయిన బుధవారం లంచ్ అయ్యాక బారీ పోయాడు.

మా హోమ్‌లో చావుకో పద్ధతుంది. కారిడార్ తలుపులు మూస్తారు. మనిషిని వంటగది పక్కనున్న వెనక గుమ్మంలోంచి పంపేస్తారు. మిగతావాళ్ళు "అప్‌సెట్" కాకూడదట! బారీతో రోజూ పేకాడేవాళ్ళకి కూడా ఒక్క మాట చెప్పరు. మరి ట్రాలీ చక్రాల చప్పుడో? అందుకే కదా మన ఇరవై మంది కోట్లవాళ్ళున్నది! ఆ రోజు మామూలుకంటే గంట ముందే పాట మొదలైంది.

జ్ఞానకుమారి ఆంటీ టవల్ కప్పుకుని గుమ్మంలోకి వచ్చారు. "ఎవరమ్మాయ్ పోయింది?"

నేను నోరు తెరిచేలోగా జాక్లిన్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. అడిగిందేమిటో అర్థం కాకపోయినా జవాబు మాత్రం సిద్ధంగా ఉంది. "కమాన్ డార్లింగ్, లెట్స్ డాన్స్!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏడో నంబరు గది బారీ గారు పోయారాంటీ" అన్నాను.

ఆంటీ చేతులు విడిపించుకున్నారు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు. ఆ భవనంలో బారీని సాగనంపిన మనిషి ఆవిడొక్కరే. తర్వాత కారిడార్ ఆ చివరా ఈ చివరా చూసి అడిగారు.

"అదేంటమ్మాయ్, మేళాన్ని ఇక్కడుంచేసి మనిషిని ఎటు తీసుకుపోతన్నారు?"

ఆంటీ ఏమన్నారని జాక్లిన్ అడిగింది. ఒక్క మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను.

ఆమె ఆఫీసులోకి వెళ్ళి సౌండ్ ఇంకాస్త పెంచింది.